అసిరమ్మ కలిపిన ఒంటిరంగు

దగ్గరగా జరిగి కూర్చోండి. ఈ ఒడ్డున గాలి మాటల్ని ఎత్తుకుపోతుంది. మధ్యమధ్యలో ఊఁ అనండి, లేకపోతే ఎంతవరకు చెప్పానో మరిచిపోతాను.

మా తాతల తాతలకి కూడా ఇది పాత కథే. అప్పటికి సముద్రం ఇంత లోపలికి రాలేదు. ఇప్పుడు కెరటం విరుగుతున్న చోట అప్పుడు ఇళ్ళుండేవి. ఇళ్ళ వెనక మొగలి పొదలుండేవి. ఆ పొదల పక్కన, అందరికీ ఎడంగా, ఒక పాకలో ఒక ఆడమనిషి ఉండేది. ఆమె పేరు అసిరమ్మ.

అసిరమ్మకి నావ లేదు, వల లేదు, బిడ్డ లేదు. ఉన్నదల్లా ఒక సన్నికల్లు, కొన్ని కుండపెంకులు, ఒడ్డున ఏరుకున్న బుట్టెడు ఆలిచిప్పలు. నావలకి రంగులేసి బతికేది. పసుపు మన్ను, ఎర్రటి జేగురు, గవ్వలు కాల్చిన సున్నం, నీలిమందు, దీపం మసి. ఇవే ఆమె రంగులు. సన్నికల్లు మీద మెత్తగా నూరి, తుమ్మజిగురు కలిపి, ప్రతి నావ ముక్కుకీ రెండు కళ్ళు గీసేది. నావ ఇంటికి దారి చూసుకుని రావాలని అలా గీయించుకునేవారు. ఏ ఇంట్లో వేట బాగా పడితే ఆ ఇంటివాళ్ళు ఆమెకి నాలుగు చేపలు పెట్టేవారు. అంతకుమించి ఆమెతో ఎవరికీ మాటలుండేవి కావు.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉండేది. సముద్రం మీద పోయినవాడి ఒళ్ళు ఒడ్డుకి వస్తే మట్టిలో పెట్టేవారు. రాకపోతే అంకుడు కర్రతో మూరెడు బొమ్మ చెక్కించేవారు. ఆ బొమ్మకి నిండా పసుపు రాసి తల్లి ఒళ్ళోనో, పెళ్ళాం ఒళ్ళోనో పెట్టేవారు. ఆమె ఆ బొమ్మని పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. పిలిస్తే, నీళ్ళలో తిరుగుతున్నవాడు బొమ్మలోకి వస్తాడు. అప్పుడు బొమ్మని ఒడ్డున కాల్చి, బూడిద కెరటంలో కలిపేవారు. పిలిచేదాకా వాడు నీళ్ళలోనే ఉన్నట్టు. వాడు నీళ్ళలో ఉన్నంతకాలం పల్లెలో ఒక్క నావ కూడా దిగకూడదు.

ఒక ఏడు, వానలు వెనకబడుతున్న రోజుల్లో, ముగ్గురు మనుషులు ఒకే తెప్ప మీద వేటకి వెళ్ళారు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. సాయంత్రానికి తెప్ప దుంగలు విడివిడిగా ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. మూడో రోజున ఇద్దరి ఒళ్ళు దొరికాయి. మూడోవాడిది దొరకలేదు.

ఆ మూడోవాడు దండాసి. ఇరవై ఏళ్ళవాడు. ముత్తేలమ్మకి ఒక్కడే కొడుకు. వాడి తండ్రి వాడి చిన్నప్పుడే జ్వరంతో పోయాడు.

పల్లెపెద్ద తవిటయ్య మంచివాడే. ఇంకో మూడు రోజులు ఆగాడు. ఆగి, బొమ్మ చెక్కించాడు. పసుపు రాయించాడు. పల్లె పల్లెంతా ముత్తేలమ్మ ఇంటి ముందు నిలబడింది. బొమ్మని ఆమె ఒళ్ళో పెట్టారు.

ముత్తేలమ్మ బొమ్మని చూసింది. తల అడ్డంగా ఊపింది.

"ఈడు నా కొడుకు కాడు" అంది. "ఇది పసుపుకొమ్ము."

"అందరికీ పసుపే రాసినాం తల్లీ" అన్నాడు తవిటయ్య. "మా అన్నకీ పసుపే రాసినాం. పిలువమ్మా."

"ఎవర్ని పిలవమంటావు మావా? మొకం తెలీనోడిని నా కొడుకు పేరెట్టి ఎలా పిలిసేది?"

బొమ్మని పక్కన పెట్టేసింది. తవిటయ్య బలవంతం చేయలేదు. రెండు రోజులు నడిచి పట్నం వెళ్ళాడు. అక్కడ కోవెల గోడల మీద దేవుళ్ళ బొమ్మలేసే చిత్రకారుణ్ణి బతిమాలి వెంటబెట్టుకొచ్చాడు. అతను నేర్పరి. కొత్త బొమ్మకి లేత తామరరేకు రంగు వేశాడు. బుగ్గల మీద కుంకుమ అద్దాడు. చూసినవాళ్ళు ఎంత బాగుందో అన్నారు.

ముత్తేలమ్మ బొమ్మని చూసింది. తల అడ్డంగా ఊపింది.

"ఈడు నా కొడుకు కాడు. ఎవరో దొరబిడ్డ. ఈ బాబుకి ఎండంటే ఏటో తెలీదు."

చిత్రకారుడు వెళ్ళిపోయాడు. నావలు ఇసకలోనే ఉన్నాయి. ఇళ్ళలో ఎండుచేప అయిపోయింది. గంజి పలచబడింది, తర్వాత అది కూడా ఒక పూటకే వచ్చింది. చిన్నపిల్లలు ఏడవడం మానేసి ఊరికే పడుకునేవారు. ముత్తేలమ్మ ఎదుట ఎవరూ ఏమీ అనలేదు గానీ, నూతి దగ్గర అనుకున్నారు. పోయినవాడు ఒక్కడు, వాడి వెనక అందరం పోవాలా అని.

ఆ మాట అసిరమ్మ చెవిన పడింది. ఆమె కడవ నింపుకోకుండానే పాకకి వెళ్ళింది. జేగురు నూరింది. అందులో దీపం మసి కలిపింది. వడ్రంగిని అడిగి ఇంకో బొమ్మ తెచ్చుకుని, ఆ రంగు వేసి, ఎండబెట్టి, తానే తీసుకెళ్ళింది.

ముత్తేలమ్మ ఈసారి చాలాసేపు చూసింది. చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఈడు నా కొడుకు కాడు. ఒలే అసిరీ, ఆ ఇద్దర్నీ ఒడ్డున సూసినావా? మూడు రోజులు నీళ్ళలో నానినోళ్ళు ఇలా ఉన్నారు. నువ్వు నాకు సచ్చినోడి రంగు తెచ్చినావు."

అసిరమ్మ లేచి వెళ్ళిపోలేదు. ముత్తేలమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నిజమే ఒదినా" అంది. "తప్పు నాదే. దండాసికి రంగేసినాను గానీ, ఎలా ఉండేవాడో నాను నిన్ను అడగనేదు. సెప్పు. ఎలా ఉండేవాడు?"

దండాసి పోయి అప్పటికి పదిహేను రోజులు. ఆ మాట ముత్తేలమ్మని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. పిలువు అన్నారు, తిను అన్నారు, లే అన్నారు. ఎలా ఉండేవాడని అడగలేదు.

ముత్తేలమ్మ బొమ్మని పక్కన పెట్టి చెప్పింది. "నల్లోడే. కానీ నలుపు కాదు. ఎండలో నిలబడితే లోపల్నించి ఎరుపు కనిపించేది."

"నీ పోలికేనా?"

"నా సాయే. నాకంటే ఒక పిసరు ఎక్కువ."

"అయితే సెయ్యి ఇటివ్వు ఒదినా."

అసిరమ్మ తన సన్నికల్లు, పెంకులు, ఆలిచిప్పలు అక్కడికే తెచ్చుకుంది. ముత్తేలమ్మ మోచేతి లోపలి వైపు ఎండలో పెట్టించింది. ముందు ఆ రంగు కలుపుదామనుకుంది. పసుపు మన్ను తీసుకుంది. అందులో జేగురు వేసింది. సున్నం చిటికెడు వేసింది. అది ముగ్గిన తాటిపండు రంగు తిరిగింది. వేలితో ముత్తేలమ్మ చేతి మీద ఒక చుక్క పెట్టింది. ఆ చుక్క నిప్పురవ్వలా కనిపించింది.

తుడిచేసి మసి కలిపింది. చుక్క పెట్టింది. ఈసారి కమిలిన మచ్చలా కనిపించింది.

అలా ఆ రోజు గడిచింది. మర్నాడూ గడిచింది. జేగురు పెంచింది, తగ్గించింది. సున్నం పెంచింది, తగ్గించింది. ఎన్నిసార్లు పెట్టినా చుక్క చుక్కలాగే ఉండేది, చెయ్యి చెయ్యిలాగే ఉండేది. మసి పడిందంటే చాలు, రంగు చచ్చిపోయేది. మసి లేకపోతే మండిపోయేది.

మూడో రోజు పొద్దున ఆమె వేళ్ళు నూరినూరి పగిలి ఉన్నాయి. చూపుడువేలి గోరు కింద నీలిమందు ఇరుక్కుని ఉంది. ఎప్పుడో ఒక నావకి నీలిపట్టీ వేసినప్పటిది. ఆ గోటితోనే తాటిపండు రంగుని కలిపింది. నీలం ఒక నలుసు అందులో కరిగింది. కరగగానే ఆ మంట చల్లబడింది. ఎరుపు పోలేదు, లోపలికి వెళ్ళింది. అసిరమ్మ కలపడం ఆపి చూసింది. తర్వాత ఒక చుక్క ముత్తేలమ్మ చేతి మీద పెట్టింది.

చుక్క కనిపించలేదు.

"ఎక్కడ పెట్టినావే?" అంది ముత్తేలమ్మ.

"ఇక్కడే పెట్టినాను ఒదినా. ఆరనీ." ఆరింది. ఆరినా కనిపించలేదు.

ఇద్దరూ చాలాసేపు ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు. చర్మం కింద పచ్చగా నరం పోతుంది కదా, ఆ పచ్చదనం కూడా రంగులో ఉండాలని అసిరమ్మకి అప్పుడు తెలిసింది. మసి పనికిరాదని కూడా అప్పుడే తెలిసింది.

"ఇది నీ రంగు" అంది అసిరమ్మ. "ఇప్పుడు నీ కొడుకు దగ్గరికి ఎల్దాం. ఒక పిసరు ఎక్కువన్నావు. ఎక్కడెక్కడ ఎక్కువో సెప్పు."

అప్పుడు ముత్తేలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. తలపాగా కట్టేచోట నుదురు కాస్త పసుపుగా ఉండేదని చెప్పింది. చెవుల అంచులు ఎర్రగా ఉండేవని, చిన్నప్పుడు తాను ఆ చెవులే పట్టుకుని లేపేదాన్నని చెప్పింది. మెడలో తాయెత్తు తాడు ఉన్నచోట సన్నగా తెల్లగీత ఉండేదంది. మోకాళ్ళ మీద ఉప్పు ఆరి బూడిద పూసినట్టుండేదంది. కుడి భుజం ఎడమ భుజం కంటే నల్లన, ఎప్పుడూ తెడ్డు ఆ వైపే వేసేవాడు, ఎండంతా ఆ వైపే తగిలేదంది. ఆమె ఒక్కొక్కటీ చెబుతుంటే అసిరమ్మ ఒక్కొక్క ఆలిచిప్పలో కలిపింది. ఇంకాస్త ఎరుపు అంటే వేసింది. ఎక్కువైందంటే తీసింది. ఒకసారి ముత్తేలమ్మ తానే వేలు ముంచి కలిపింది. కలుపుతూ నవ్వింది కూడా. పెళ్ళి మాట ఎత్తితే వాడి మెడ ఎలా ఎర్రబడేదో గుర్తొచ్చిందట.

ఆ మెడకి కూడా రంగు కలిపారు.

బొమ్మ ఆరాక అసిరమ్మ దాన్ని ముత్తేలమ్మ ఒళ్ళో పెట్టింది. పల్లె మళ్ళీ వచ్చి ఇంటి ముందు నిలబడింది.

ముత్తేలమ్మ బొమ్మని చూసింది. ఈసారి తల ఊపలేదు. బొమ్మ చెంపని తన చెంపకి ఆనించుకుంది.

"దండాసీ" అని పిలిచింది. "దండాసీ. నాయినా దండాసీ."

అప్పుడు ఏడ్చింది. కొడుకు పోయిన పద్దెనిమిదో రోజున మొదటిసారి ఏడ్చింది. నిలబడ్డవాళ్ళందరూ ఏడ్చారు. పిల్లల ఆకలికి ముత్తేలమ్మని తిట్టుకున్నవాళ్ళు కూడా ఏడ్చారు.

తవిటయ్య ఒడ్డున కట్టెలు పేర్పించాడు. వచ్చి చేతులు చాచాడు. "ఇయ్యి తల్లీ. పంపిద్దాం."

ముత్తేలమ్మ ఇవ్వలేదు. రెండు చేతులతో బొమ్మని పొట్టకి అదుముకుంది.

"ఇన్నాళ్ళకి వచ్చినాడు మావా. వచ్చినోడిని ఎలా కాల్చమంటావు?"

ఇద్దరు మగవాళ్ళు లాక్కుందామని ముందుకొచ్చారు. తవిటయ్య కళ్ళతోనే వాళ్ళని ఆపి, అసిరమ్మ వైపు చూశాడు. ఆమె తలదించుకుని ఉంది. బొమ్మ అంత బాగా కుదరడమే తప్పైపోయిందేమోనని ఆమె మనసు పీకుతోంది.

వెళ్ళి ముత్తేలమ్మ పక్కన కూర్చుని మెల్లగా అంది.

"ఒదినా, నా మగడు పోయినప్పుడు నాకూ పసుపు బొమ్మే ఇచ్చినారు. ఇది ఆయన కాదని నాకూ తెలుసు. నాను నీలా అననేదు. నోరు మూసుకుని కూకున్నాను. తల్లి ఉండగా మొగుడి పేరు పెళ్ళాం పలకకూడదని మా అత్తే పిలిసింది. కాల్చేసినారు. ఆ తరవాత ఆయన ఎలా ఉండేవోడో గుర్తు తెచ్చుకుందామంటే, ఆ పసుపు మొకమే అడ్డొచ్చేది. అలా అడ్డొచ్చి అడ్డొచ్చి, అసలు మొకం పోయింది. నీకు అలా అవ్వదు. రంగు మనం ఇద్దరం కలిసి కలిపినాం. బొమ్మ దండాసిది, నీళ్ళలోంచి పైకొచ్చి ఎల్లిపోడానికి. రంగు నీది. అది నీ దగ్గరుంటాది."

మిగిలిన రంగు ఆలిచిప్పలో ఉంది. ఇంకో చిప్ప మూసి, అంచుకి మైనం పట్టించి, ముత్తేలమ్మ చేతిలో పెట్టింది.

ముత్తేలమ్మ ఒక చేతిలో బొమ్మ, ఒక చేతిలో చిప్ప పట్టుకుని పొద్దు వాలేదాకా కూర్చుంది. తర్వాత తానే లేచి, ఒడ్డుకి నడిచి, బొమ్మని కట్టెల మీద పడుకోబెట్టింది. బూడిద కూడా తానే కెరటంలో వదిలింది. చిప్ప ఇంటికి తెచ్చుకుంది.

మర్నాడు నావలు దిగాయి.

ఆనాటినుంచి ఒడ్డుకి చేరనివాళ్ళ బొమ్మలకి పల్లెలో పసుపు రాయలేదు. అసిరమ్మ ఆ ఇంటికి వెళ్ళేది, తల్లి దగ్గరో పెళ్ళాం దగ్గరో కూర్చునేది, ఎలా ఉండేవాడని అడిగేది. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కూడా వచ్చి తీసుకెళ్ళేవారు. ఒకచోట మూడు నెలల కిందట పెళ్ళైన పిల్ల, మొగుణ్ణి సరిగ్గా వెలుగులో చూడనైనా లేదు, ఏం చెప్పాలో తెలియక వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఇంటినుంచి తిరిగొచ్చాక అసిరమ్మ తవిటయ్యతో ఒక మాట అంది.

"పోయినాక అడగడం కాదు పెద్దా. బతికుండగా సూసుకోవాలి."

ఆ మరుసటి ఏడు నావలు దించేముందు మగవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టింది. ఒక్కొక్కడి మణికట్టు లోపల చుక్క పెట్టి, కనిపించకుండా పోయేదాకా కలిపింది. కలిపిన రంగుని చిప్పలో మూసి ఆ ఇంటి ఆడవాళ్ళకి ఇచ్చింది. మొదట్లో కొందరు అపశకునమన్నారు. తర్వాత ఎవరూ అనలేదు. నా మొగుడి మెడ మీద ఈ మచ్చ ఉందని ఇన్నాళ్ళూ చూడలేదే అని ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

అసిరమ్మ ముసలిదైంది. ఒకరోజు ముత్తేలమ్మ ఆమె పాకకి వచ్చింది. అప్పటికి ముత్తేలమ్మ ఇంకా ముసలిది. కర్ర పట్టుకుని వచ్చింది.

"ఒలే అసిరీ, ఊరందరికీ కలిపినావు. నీ మగడు గవరయ్యకి కలిపినావా?"

అసిరమ్మ బుట్టలోంచి మూడు చిప్పలు తీసి చూపించింది. "మూడుసార్లు కలిపినాను ఒదినా. మూడూ ఆయన కాదు. నాకు గుర్తు నేదు."

ముత్తేలమ్మ కర్ర పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. గవరయ్యని ఎరిగినవాళ్ళని, మిగిలినంతమందిని, తీసుకొచ్చి పాక ముందు కూర్చోబెట్టింది. తవిటయ్యని మనవడు మోసుకొచ్చాడు. ఒకామె గవరయ్య ఎర్రటివాడంది. ఇంకొకామె కాదు, చామనచాయ అంది. గెడ్డం కింద పచ్చగా ఉండేదని తవిటయ్య చెప్పాడు, రోజూ పక్కపక్కన తెడ్డు వేశాం కదా అన్నాడు. వాళ్ళు ఒకరినొకరు కాదంటూ, ఔనంటూ చెబుతుంటే అసిరమ్మ కలిపింది. నీలం వేసేటప్పుడు ముత్తేలమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

రంగు కలిసింది. అసిరమ్మ దాన్ని తన అరచేతిలో రాసుకుని చూసింది.

"ఆయనేనా?" అని అడిగింది ముత్తేలమ్మ.

"ఏమో ఒదినా. అయ్యుండొచ్చు. కాకపోయినా, ఇంతమందికి గుర్తున్నాడు." అరచేతిలోకి వంగి, "గవరయ్యా" అంది. తన జన్మలో ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. "గవరయ్యా. గవరయ్యా." అంతే అంది. సముద్రం మోగుతూనే ఉంది.

ఆ ఏడు చలి రాకముందే అసిరమ్మ చనిపోయింది. పడుకున్నచోటనే పోయింది. ఆమెని మొగలి పొదల దగ్గర మట్టిలో పెట్టారు. ఆ చోటు ఎక్కడని నన్ను అడక్కండి. ఆ పొదలని, ఆ చోటుని, ముత్తేలమ్మ ఇంటిని సముద్రం ఎప్పుడో తినేసింది. ఆమెకి గుడి లేదు, రాయి లేదు.

కానీ ఈ ఒడ్డున ఏ ఇంటికైనా వెళ్ళి చూరు కింద చూడండి. మైనంతో మూసిన ఆలిచిప్పలు వరసగా ఉంటాయి. ఇంట్లో ఎంతమంది వేటకి వెళితే అన్ని ఉంటాయి. కొత్తగా కోడలు వస్తే అత్త ఆమెకి ముందు వంట నేర్పదు, రంగు కలపడం నేర్పుతుంది. పసుపు మన్ను, జేగురు, సున్నం, గోటి కొనంత నీలం. మసి కలపబోతే చెయ్యి మీద కొట్టి, అసిరమ్మ ఒప్పుకోదే అంటుంది. మనిషి ముసలివాడై, ఇంట్లో మంచం మీద పోయాడనుకోండి, ఆ చిప్పని తెరిచి కెరటంలో కడిగేస్తారు. అలా కడిగిన రోజున ఆ ఇంట్లో ఏడుపు ఉంటుంది గానీ, భయం ఉండదు.

ఇంకో మాట కూడా ఉంది. నావ దిగే పొద్దున మా ఆడవాళ్ళు జాగ్రత్త అనరు. త్వరగా రా అనరు. మగవాడి మణికట్టు లోపల ఒక చుక్క పెడతారు. అది కనిపించకుండా పోయేదాకా పట్టుకుని చూస్తారు. అప్పుడు చెయ్యి వదిలి, "నీ రంగు నా దగ్గరున్నాది, ఎల్లిరా" అంటారు.

వాడు వెనక్కి తిరిగి చూడకుండా నావ తోస్తాడు.